ఉప్పు – తగినంత

చింతలదిబ్బ ఉన్నత పాఠశాలలో పైడమ్మ పద్నాలుగేళ్ళుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. ఈ పద్నాలుగేళ్ళలో నలుగురు హెడ్మాస్టర్లు మారారు, గోడల రంగు మూడుసార్లు మారింది, మెనూ ఎన్నిసార్లు మారిందో మెనూ రాసేవాళ్ళకే గుర్తులేదు. పైడమ్మ పప్పుచారు రుచి మాత్రం మారలేదు. ఉప్పుకి ఆవిడ గరిటె, చెంచా వాడదు. గుండిగ మీదికి వంగి, ఆవిరి మొహానికి తగిలేదాకా ఆగి, కుడి గుప్పిట్లోంచి వదుల్తుంది. నూట ఇరవై మంది పిల్లలకు ఎంత కావాలో ఆ గుప్పిటికి తెలుసు.

అలాంటి గుప్పిట ఒక శనివారం నాడు పొరబడింది. దానికి కారణం న్యాయశాస్త్రం.

ఆ నెలలో పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. దాని పేరు 'విద్యార్థులకు న్యాయ మౌలిక సూత్రాల ఆచరణాత్మక అవగాహన పక్షోత్సవాలు'. పేరు చదివి ఊపిరి పీల్చుకునేసరికే పక్షంలో ఒక రోజు గడిచిపోయేది. చట్టమంటే ఏమిటో, న్యాయస్థానమంటే ఏమిటో పిల్లలకు పాఠం చెబితే చాలదట. బడిలో నిజంగా జరిగిన ఒక సంఘటన మీద ఆ సూత్రాలన్నీ అమలు చేసి, జతపరచిన ఫారం నింపి, ఫోటోతో సహా పంపాలట. 'సంఘటన జరగని పాఠశాలల ప్రధానోపాధ్యాయులు అందుకు గల కారణాలను వివరించవలెను' అని చివర ఒక ముక్క ఉంది. ఆ ముక్కతో హెడ్మాస్టర్ దక్షిణామూర్తిగారికి నిద్ర కరువైంది.

"తొమ్మిది రోజులైందయ్యా జగ్గారావ్! ఒక్క దొంగతనం లేదు, ఒక్క తగువు లేదు. పక్క మండలంలో ఎవరిదో సైకిలు పోయిందట. అదృష్టవంతులు," అని సోషల్ మాస్టారి దగ్గర వాపోయారు.

జగ్గారావుగారు ఎల్.ఎల్.బి. రెండో సంవత్సరం దాకా చదివారు. మూడో సంవత్సరం పరీక్షలకూ ఆయనకూ పడలేదు. చదివినంత మేరా చట్టం ఆయన ఒంట్లో అరక్కుండా ఉండిపోయింది. కాఫీ చల్లారిపోతే 'కాలదోషం పట్టింది' అనేవారు. చాక్‌పీసు విరిగితే 'రెండు ముక్కల వాంగ్మూలం తీసుకోండి' అనేవారు.

"సంఘటన దానంతటదే వస్తుంది సార్. ముందు ఫోటో కాలమ్ పూర్తిచేద్దాం," అన్నారాయన.

శనివారం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు 'చట్టం ముందు అందరూ సమానులే' అన్న బ్యానరు పట్టుకుని టీచర్లూ పిల్లలూ వరసలో నిలబడ్డారు. అందరూ సమానులని చూపించాలంటే సమానం కానివాళ్ళు ఒకరైనా ఉండాలి కదా! ఎవరా అని వెతికి, వంటపాకలోంచి పైడమ్మను కేకేశారు. ఆవిడ అప్పుడే ఉప్పు వేసింది. చెయ్యి దులుపుకోను కూడా వ్యవధి లేకుండా పరుగెత్తుకొచ్చి, బ్యానరు తాడు పట్టుకుని నిలబడి, ఫోటో అయ్యాక మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళి, వేసిన మాట మర్చిపోయి ఇంకోసారి వేసింది.

మధ్యాహ్నం పంక్తిలో మొదటి ముద్ద తిన్నది ఏడో తరగతి నీలవేణి. ఆ పిల్ల తల్లి తెల్లవారకముందే జీడిపిక్కలు వొలవడానికి వెళ్ళిపోతుంది. పొద్దున్న ఇంట్లో పొయ్యి వెలగదు. నీలవేణికి రోజూ మొదటి ముద్ద బళ్ళోనే. అందుకని ఎప్పుడూ పంక్తిలో ముందుంటుంది.

"పెద్దమ్మా, ఉప్పెక్కువైనాది," అంది నీలవేణి.

పైడమ్మ గరిటెతో అరచేతిలో వేసుకుని నాకి చూసింది. "ఓలమ్మ! నా మతి మండిపోనూ! రెండుసార్లు ఏసీసినానే. ఉండు తల్లీ, సిటికెలో సరిసేసెత్తాను," అని గబగబా పాకలోకి వెళ్ళి, చింతపండు పులుసు ఓ చేత్తో, నీళ్ళ చెంబు ఓ చేత్తో పట్టుకొచ్చింది. ఉడికిన పప్పు ఇంకాస్త మిగిలే ఉంది. వండేవాళ్ళకు ఇది పది నిమిషాల పని. చెంబు గుండిగ మీదికి వంచబోయింది.

"ఆగు! నీళ్ళు పొయ్యకు! సాక్ష్యం పలచబడిపోతుంది!"

అరిచినవారు జగ్గారావుగారు. ఆయన వెనకే దక్షిణామూర్తిగారు చెప్పులు కూడా వేసుకోకుండా ఫారం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. తొమ్మిది రోజుల తర్వాత ఆయన మొహంలో రక్తం కనపడింది.

"పైడమ్మా! నీ మీద ఆరోపణ వచ్చింది," అన్నారాయన, ఎంతో ఆప్యాయంగా.

"ఆరోపనేటి బాబూ, నానే సెప్తన్నాను కదా! ఉప్పు నానే రెండుసార్లు ఏసినాను. మీరు తప్పుకుంటే నీల్లు పోసీసి..."

జగ్గారావుగారు రెండు చెవులూ మూసుకున్నారు. "చెప్పకు! అధికారంలో ఉన్నవారి ఎదుట చేసిన ఒప్పుకోలు చెల్లదు. హెడ్మాస్టారు అధికారంలో ఉన్నారు."

"అయితే మీకే సెప్తాను."

"నేను రెండుసార్లు ఇన్‌చార్జి చేశాను."

"పోనీ ఈ గుంటలకి సెప్తాను."

"వాళ్ళు మైనర్లు."

పైడమ్మ నీళ్ళ చెంబు కింద పెట్టింది. ఊళ్ళో ఎక్కడైనా తప్పు చెయ్యనివాడి చేత తప్పు చేశానని చెప్పించడం ఆవిడ చూసింది. చేశానంటున్నా వినకపోవడం ఇదే మొదలు.

"చూడు పైడమ్మా," అన్నారు జగ్గారావుగారు, "నేరం రుజువయ్యేదాకా ప్రతి మనిషీ నిర్దోషే. న్యాయశాస్త్రానికి ఇది పునాది. ఆ సంగతి నువ్వే మర్చిపోతే ఎలా?"

పంచనామా జరిగింది. గుండిగ మూతికి గుడ్డ కట్టి, పురికొస చుట్టి, పదో తరగతి పరీక్షల్లో జవాబుపత్రాల కట్టలకు వాడగా మిగిలిన లక్కతో నాలుగు చోట్ల సీలు వేశారు. తాళం ఉన్న గది సైన్సు ల్యాబు ఒక్కటే కాబట్టి, ఎముకల గూడు బొమ్మ పక్కన గుండిగను పెట్టి తాళం వేశారు. పిల్లలు ఆ పూట ఉత్త అన్నం తిన్నారు. నీలవేణి అన్నంలో కుళాయి నీళ్ళు కలుపుకుంది.

సోమవారం పొద్దున న్యాయస్థానం ఏర్పాటు మీద స్టాఫ్ సమావేశం జరిగింది. తన వ్యవహారంలో తాను న్యాయమూర్తిగా ఉండరాదనేది రెండో సూత్రం. ఆ పప్పుచారు రుచి చూసినవాళ్ళంతా వ్యవహారంలో ఉన్నట్టే. హెడ్మాస్టారు ఒక చెంచా చూశారు కాబట్టి ఆయన సాక్షి. జగ్గారావుగారు ప్రాసిక్యూషన్. చివరికి శనివారం నాడు ఏమీ తినని మనిషి హిందీ సువర్చలా టీచరు ఒక్కరే తేలారు. ఆవిడకు శనివారం ఒక్కపొద్దు. ఏడుకొండలవాడి దయవల్ల ఆవిడ నిష్పక్షపాతంగా ఉన్నట్టు తీర్మానం రాసుకున్నారు. ముద్దాయి తరఫున వాదించడానికి డ్రిల్లు మాస్టారు ఎర్రునాయుడిని వేశారు. ఆయన ఆ పూట వేరే పనిలేక ఖాళీగా ఉన్నారు.

ఇవతల పన్నెండు కావస్తోంది. పైడమ్మ ఇంటి దగ్గర పెళ్ళిళ్ళ గుండిగ ఒకటి అడిగి తెచ్చుకుని, అందులో పప్పుచారు కాచి, కోడలి సాయంతో కావిడి కర్రకు తగిలించుకుని బడి గేటు దాకా మోసుకొచ్చింది. గేటు దగ్గర జగ్గారావుగారు రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డారు.

"నూట ఇరవై మంది పిల్లలూ ఈ కేసులో సాక్షులు. ముద్దాయి సాక్షులకు భోజనం పెడితే దాన్నేమంటారో తెలుసా? ప్రలోభం!"

"సాచ్చులేటి బాబూ! ఆకలి మీదున్న గుంటలు."

"ఆకలి మీదున్న సాక్షులు. ఇంకా ప్రమాదం."

"సరే బాబూ, నా సేతి కూడు పనికిరాదంటే ఇంకొకల్ని ఎట్టుకోండి. పక్క ఈది లచ్చుమమ్మ ఉన్నాది, మా బాగా వండుతాది."

ఈ మాటకు దక్షిణామూర్తిగారు నొచ్చుకున్నారు. "అదేం మాట పైడమ్మా! నిన్ను తీసి ఇంకొకరిని పెడితే నీకు శిక్ష వేసినట్టే కదా. రుజువు కాకుండా శిక్షా? మేం అంత అన్యాయస్తులమా? వండే హక్కు నీదే. అది నీ దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేరు."

ఆ విధంగా వండే హక్కున్న మనిషి వడ్డించకూడదు, వడ్డించగలిగిన మనిషి వండకూడదు. ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకున్న పిల్లలు తిన్నారు. తెచ్చుకోని నలభై మంది కుళాయి దగ్గర వరస కట్టారు. ఆ వరసలోనూ నీలవేణే ముందుంది. కావిడి కర్ర భుజాన వేసుకుని వెనక్కి పోతూ పైడమ్మ ఆ పిల్ల దోసిలి చూసింది. ఆ రోజు ఇంట్లో ఆవిడకు ముద్ద దిగలేదు.

హెడ్మాస్టారు పంపిన మొదటి నివేదికకు జిల్లా కార్యాలయం నుంచి మర్నాడే జవాబొచ్చింది. 'మీ పాఠశాలలో జరుగుచున్న ఆచరణ ప్రశంసనీయముగా నున్నది. ఇదే స్ఫూర్తిని కొనసాగించవలెను. విచారణ ముగింపునకు జిల్లా సమన్వయకర్త స్వయముగా విచ్చేయుదురు.' దక్షిణామూర్తిగారు ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకు అంటించి, దాని పక్కన నిలబడి కూడా ఒక ఫోటో తీయించుకున్నారు.

మంగళవారం విచారణలో అసలు ఇరకాటం వచ్చిపడింది. ఉప్పు ఎక్కువైందని ఫిర్యాదు. దేనికన్నా ఎక్కువ? సువర్చలా టీచరు మెనూ ఉత్తర్వు తెప్పించి చదివారు. కందిపప్పు ఎంతో ఉంది, నూనె ఎంతో ఉంది. ఉప్పు దగ్గర మాత్రం 'తగినంత' అని ఉంది.

"తగినంత అంటే ఎంత?" అని అడిగారావిడ.

ముద్దాయి స్థానంలో, అంటే ఎనిమిదో తరగతి వెనక బెంచీలో కూర్చున్న పైడమ్మ గుప్పిట చూపించింది. "ఇంతమ్మా."

"ముద్దాయి గుప్పిటను కొలతగా అంగీకరించలేం," అన్నారు జగ్గారావుగారు లేచి. "ఇలాంటి సందర్భాల్లో చట్టం ఒక ఊహాపురుషుణ్ణి పెట్టింది. ఆయన మరీ తెలివైనవాడు కాదు, మరీ తెలివితక్కువవాడు కాదు. సామాన్య వివేకవంతుడు. ఆయన ఏమనుకుంటే అదే తగినంత. కనుక ప్రస్తుతం మనకు కావలసింది సామాన్య వివేకం గల ఒక నాలుక."

ఆ మధ్యాహ్నమంతా నాలుక కోసం వెతకడంతో సరిపోయింది. దక్షిణామూర్తిగారికి ఎనిమిదేళ్ళుగా బీపీ. ఉప్పు లేని కూడు తిని తిని ఆయనకు మజ్జిగ కూడా ఉప్పగానే ఉంటుంది. కనుక ఆయనది పగబట్టిన నాలుక. ఎర్రునాయుడు పుట్టింది సముద్రం ఒడ్డున. పొద్దున్నే ఎండుచేప లేనిదే ఆయన విజిల్ మోగదు. కనుక ఆయనది ప్రేమపడిన నాలుక. అటెండరుకు పొగాకు నమలడం అలవాటు, ఆయన నాలుక సాక్ష్యానికే పనికిరాదని తేలింది. లెక్కల మాస్టారు మూడు గ్లాసుల్లో ఉప్పునీళ్ళు కలిపి అందరికీ పరీక్ష పెట్టి సగటు కట్టారు. సగటుకు దగ్గరగా ఉన్న నాలుక బడి మొత్తంలో ఒక్కటి కూడా దొరకలేదు.

'దయచేసి సామాన్య నాలుక గల వ్యక్తి నొకరిని తాత్కాలిక ప్రాతిపదికపై పంపగలరు' అని జిల్లాకు రాశారు. 'అట్టి నాలుక ప్రస్తుతము కార్యాలయమున అందుబాటులో లేదు. అవసరమైన యెడల తగు ప్రతిపాదనలు పంపవలెను' అని బుధవారం జవాబొచ్చింది.

ఈలోగా ల్యాబులోని గుండిగ తన ఉనికిని తెలియజేయడం మొదలెట్టింది. ముందు తొమ్మిదో తరగతి వాళ్ళు ముక్కులు మూసుకున్నారు. తర్వాత ఎనిమిదో తరగతి వరండాలోకి మారింది. బుధవారం సాయంత్రానికి మూతికి కట్టిన గుడ్డ పూరీలా ఉబ్బింది.

"తీసి పారబోయించమంటారా?" అని దక్షిణామూర్తిగారు భయంభయంగా అడిగారు.

"ఎంత మాట సార్! సాక్ష్యం రోజురోజుకూ బలపడుతోంది," అన్నారు జగ్గారావుగారు, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

గురువారం పొద్దున ప్రార్థన వేళ నీలవేణి కళ్ళు తిరిగి కూలబడింది. తడికె అవతల నిలబడి చూస్తున్న పైడమ్మ ఒక్క గెంతులో లోపలికొచ్చి, ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని, కొంగున కట్టుకొచ్చిన ఉడికిన చిలగడదుంప విరిచి నోట్లో పెట్టింది. నీలవేణి రెండు ముక్కలు నమిలిందో లేదో, జగ్గారావుగారు వచ్చి మూడో ముక్కను రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నారు. ముఖ్య సాక్షికి దుంప ఇవ్వజూపినట్టు అప్పటికప్పుడే రాసుకున్నారు కూడా.

అక్కడ పైడమ్మకు తిక్క రేగింది. పద్నాలుగేళ్ళలో ఆ బళ్ళో ఆవిడ గొంతు పెంచింది లేదు.

"నాకు సిచ్చెయ్యండి బాబూ!" అని అరిచింది. "జైల్లో ఎడతారో, ఊర్నించి ఎల్లగొడతారో, ఏటి సేత్తారో సేసీయండి! ఉప్పేసినాను అంటే ఇనరు. తప్పయిపోనాది అంటే ఇనరు. ఈ గుంటలేటి సేసినారు మీకు? నన్ను కాపాడతన్నామని ఈల్లని మాడ్సేత్తారేటి? నాకొద్దీ కాపాడ్డం! నన్నొగ్గీయండి, అన్నమెట్టనీయండి!"

దక్షిణామూర్తిగారికి నిజంగానే మనసు కరిగింది. ఆయన చెడ్డమనిషి కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకూ జాలిగానే ఉంది పైడమ్మా. కానీ జాలికి ఫారంలో కాలమ్ లేదు. ఒక్క రోజు ఓపిక పట్టు. రేపు తీర్పు."

శుక్రవారం పక్షోత్సవాల ఆఖరి రోజు. జిల్లా సమన్వయకర్త కారు దిగారు. బొకే ఇచ్చారు, శాలువా కప్పారు. ల్యాబు వైపు గాలి వీచినప్పుడల్లా ఆయన బొకే ముక్కు దగ్గరికి తీసుకుంటున్నారు. ఆయనకు పూలంటే ఎంత ఇష్టమో అని టీచర్లు చెప్పుకున్నారు.

విచారణ మొదలైంది. పైడమ్మ లేచి, చేతులు జోడించి, "అమ్మా, ఉప్పు నానే..." అని మొదలెట్టింది.

"పైడమ్మా, నీకు మౌనంగా ఉండే హక్కుంది," అన్నారు సువర్చలా టీచరు.

"నాకొద్దమ్మా ఆ హక్కు."

"వద్దనే హక్కు నీకు లేదు."

ఎర్రునాయుడు కూడా అందుకున్నారు. "నా కక్షిదారు నాలుగు రోజులుగా సరిగా తినడం లేదు. ఆకలితో ఉన్న మనిషి ఒప్పుకోలును స్వేచ్ఛగా చేసినట్టు భావించరాదు." సమన్వయకర్త తలూపి ఆ మాట డైరీలో రాసుకున్నారు.

తర్వాత ఎర్రునాయుడు తన అసలు ఆయుధం బయటికి తీశారు. అది హెడ్మాస్టారు పంపిన ఫారం నకలు. దక్షిణామూర్తిగారికి ఒక పద్ధతి ఉంది. ఏ ఫారంలోనైనా మొదట ఏ సమయం రాస్తే కిందివరకూ అదే రాసుకుంటూ పోతారు. అలా రాస్తే తనిఖీలో తేడా రాదని ఆయన ముప్ఫయ్యేళ్ళ అనుభవం. ఫోటో తీసిన సమయం పదకొండు ఇరవై అని రాశారు. సంఘటన జరిగిన సమయం దగ్గరా అదే రాశారు. ఫిర్యాదు అందిన సమయమూ అదే.

"ఉప్పు పడింది పదకొండు ఇరవైకి. ఇది ప్రధానోపాధ్యాయులవారి సంతకంతో ఉన్న పత్రం," అన్నారు ఎర్రునాయుడు. "ఇక ఇది చూడండి. పదకొండు ఇరవైకే తీసిన ఫోటో. కుడిపక్క చివర తాడు పట్టుకుని నిలబడ్డది ఎవరు? పైడమ్మ! ఒక మనిషి ఒకే సమయంలో రెండు చోట్ల ఉండగలదా?"

గదిలో గుసగుసలు లేచాయి. సువర్చలా టీచరు ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. "ఈవిడ చేతికి తెల్లగా అంటుకుని ఉన్నదేమిటి?"

"ఉప్పండి," అన్నారు ఎర్రునాయుడు.

"ఉప్పే!" అని ఎగిరి లేచారు జగ్గారావుగారు.

"ఉప్పే. చేతిలో ఉంది కనుక గుండిగలో పడలేదని రుజువు," అన్నారు ఎర్రునాయుడు.

"అది మొదటిసారి ఏసింది తల్లీ! ఫోటో దిగి పోయినాక ఇంకోసారి..." అని పైడమ్మ ఏదో చెప్పబోయింది. ఎర్రునాయుడు తన కక్షిదారుకు వ్యతిరేకంగా ఒక్క ముక్క కూడా రికార్డు కాకూడదని విజిల్ నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదారు. డ్రిల్లు పిరియడనుకుని ఆరో తరగతి పిల్లలు మైదానంలోకి పరుగెత్తారు.

సువర్చలా టీచరు తీర్పు చదివారు. 'పప్పుచారునందు ఉప్పు పడిన మాట వాస్తవము. ముద్దాయి వేసినట్లు రుజువు కానందున, మరి యెవ్వరును వేసినట్లు ఆరోపణ లేనందున, సదరు ఉప్పు తనంతట తానే పడినట్లు భావించడమైనది. ముద్దాయి గౌరవప్రదముగా నిర్దోషి.'

చప్పట్లు మోగాయి. పైడమ్మ మెళ్ళో దండ వేసి, చేతికొక ప్రశంసాపత్రం ఇచ్చారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని సామెత. పైడమ్మకు అంత ఓపిక లేక అక్కడే ఏడ్చేసింది. ఆనందబాష్పాలని కింద రాసి ఆ ఫోటో కూడా ఫారానికి జత చేశారు.

"ఒక సామాన్య మహిళకు సంపూర్ణ న్యాయం లభించిన ఈ సందర్భం జిల్లాకే తలమానికం," అని సమన్వయకర్త ప్రసంగించారు. "న్యాయం జరగడమే కాదు, జరిగినట్లు కనిపించాలి కూడా. కనుక అప్పీలు గడువు తొంభై రోజులు ముగిసేవరకు ఆ గుండిగను సీలు విప్పకుండా జిల్లా కేంద్రంలో ప్రదర్శనకు ఉంచుతాం." ఆయన కారు ముందు వెళ్ళిపోయింది. గుండిగ వెనక ఒక ఆటోలో వెళ్ళింది. ఆటో అతను పొలిమేర దాకా మెడ బయటికి పెట్టే నడిపాడు.

మర్నాడు శనివారం. పైడమ్మ ఇప్పుడు ముద్దాయి కాదు కాబట్టి ఎవరూ అడ్డం చెప్పలేదు. చీకటితోనే వచ్చి పొయ్యి రాజేసింది. పప్పుచారు గుండిగ లేదు, అడిగి తెచ్చుకున్నది తిరిగిచ్చేసింది, అన్నం గుండిగ ఒక్కటే ఉంది. పెళ్ళిళ్ళలో చేసినట్టు ముందు అన్నం వండి, ఉతికిన పంచె పరిచి దానిమీద రాశి పోసి, అదే గుండిగ కడిగి పప్పుచారుకు ఎసరు పెట్టింది. పప్పు ఉడికింది. పులుసు పోసింది. పోపు చిటపటలాడింది. ఆ వాసనకు తరగతుల్లో పిల్లలు పుస్తకాలు మూసేశారు.

ఉప్పు డబ్బా తీసి గుప్పెడు పట్టుకుని గుండిగ మీదికి వంగింది. ఆవిరి మొహానికి తగిలింది. గుప్పిట తెరుచుకోలేదు.

అదేమిటో ఆవిడకే అర్థం కాలేదు. పద్నాలుగేళ్ళ గుప్పిట. ఎంత అని అడిగితే ఇంత అనేది. ఇప్పుడు అడిగితే పలకడం లేదు. ఎక్కువైతే? ఎంతైతే ఎక్కువ? తలుపు దగ్గర ఎవరో దగ్గితే జగ్గారావుగారేమోనని ఉలిక్కిపడింది. మేక. తీర్పు ప్రకారం ఉప్పు తనంతట తానే పడాలి. కాసేపు చూసింది. పడలేదు. గుప్పెడు ఉప్పూ తిరిగి డబ్బాలో పోసి మూత పెట్టేసింది.

పంక్తి కూర్చుంది. నూట ఇరవై కంచాల్లో పొగలు లేచాయి. నీలవేణి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఒక్క క్షణం నమలడం ఆపి, మళ్ళీ నమిలింది.

దక్షిణామూర్తిగారు ఫారం ఆఖరి పేజీ పట్టుకుని వచ్చారు. 'పక్షోత్సవాల వలన విద్యార్థులలో వచ్చిన మార్పు' అన్న కాలమ్ ఇంకా ఖాళీగా ఉంది.

"నీలవేణీ, ఉప్పెలా ఉందమ్మా?"

నీలవేణి లేచి నిలబడింది. చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"తగినంత ఉందండి."

"మిగతావాళ్ళు?"

"తగినంతండీ!" నూట ఇరవై గొంతులు ఒకేసారి అన్నాయి. ప్రార్థనలో కూడా ఆ పిల్లలు అంత కలిసికట్టుగా ఎన్నడూ అనలేదు.

దక్షిణామూర్తిగారు తానూ ఒక చెంచా రుచి చూశారు. ఎనిమిదేళ్ళ బీపీ నాలుకకు అది అమృతంలా తగిలింది. "అద్భుతం పైడమ్మా! ఈ పద్నాలుగేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదు," అని మనస్ఫూర్తిగా మెచ్చుకుని, కాలమ్‌లో 'ఫిర్యాదులు: లేవు. చట్టం పట్ల అవగాహన: నూటికి నూరు శాతం' అని రాసుకుని, పక్కన సమయం పదకొండు ఇరవై అని వేసి వెళ్ళిపోయారు.

ఆయన వరండా మలుపు తిరిగాక పైడమ్మ వచ్చి నీలవేణి ముందు గొంతుక్కూర్చుంది.

"నిజం సెప్పే అమ్మీ. సప్పగా నేదా?"

నీలవేణి అటూ ఇటూ చూసింది.

"సెప్తే మల్లీ గుండిగ అట్టుకుపోతారు పెద్దమ్మా," అంది గుసగుసగా.

పైడమ్మ తప్పు చేసి, ఒప్పుకుని, సరిదిద్దుకుని పద్నాలుగేళ్ళు బతికిన మనిషి. ఉప్పెక్కువైందని అనగలిగిన పిల్ల ఇంక అనదు.

అంతలో నీలవేణి గౌను జేబులోంచి చిన్న కాగితం పొట్లం ఒకటి బయటికొచ్చింది. మళ్ళీ ఉత్త అన్నమే పెడతారేమోనని ఇంటినుంచి ఉప్పు తెచ్చుకుంది. విప్పి, చిటికెడు తన కంచంలో చల్లుకుని, పొట్లం మడిచి మోకాలి కింది నుంచి పక్కపిల్లకు అందించింది. ఆ పిల్ల ఇంకో పిల్లకు అందించింది. పొట్లం చప్పుడు లేకుండా పంక్తి వెంట సాగిపోతోంది.

పైడమ్మ గబుక్కున లేచి పొయ్యి వైపు తిరిగి నిలబడింది. చూస్తే సాక్షి అవుతుంది.